పిన్ని చూసిన పాలపళ్ళు

పొద్దున్నే జంతువుల ఆసుపత్రి తలుపు తీయగానే పిన్ని చేసే మొదటి పని, ఫ్రిజ్‌లోంచి కంటి చుక్కల సీసా తీసి పిడికిట్లో బిగించి పట్టుకోవడం. అలా పట్టుకునే గోడవైపు తిరిగి కళ్ళు మూసుకునేది. దేవుడికి చెప్పుకోవలసినవన్నీ చెప్పుకునేది. ప్రార్థన ముగిసేసరికి మందు వెచ్చబడేది. చల్లటి చుక్క పడితే కుక్క ఉలిక్కిపడుతుందనీ, మొదటి చుక్కకి బెదిరిన కుక్క ఇక ఆ రోజంతా మనిషిని నమ్మదనీ ఆమె అనుభవం.

"ఇంతకీ నీ ప్రార్థన కుక్కకా, దేవుడికా?" అని ఎగతాళి చేసేది ఇంట్లో అక్క.

"ఇద్దరూ వింటారులే. విననిదానివి నువ్వొక్కదానివే" అనేది పిన్ని.

సైకిళ్ళ షాపు పైన రెండు గదుల్లో ఉండేవాళ్ళు అక్కాచెల్లెళ్ళిద్దరూ. మోకాళ్ళు పట్టేసి అక్క మెట్లు దిగలేకపోయేది. ఇంటిని నడిపేది పిన్ని జీతమే. ఆసుపత్రిలో ఆమెను అందరూ పిన్ని అనే పిలిచేవారు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా.

ఇరవై రెండేళ్ళ క్రితం నేల కడగడానికి చేరిన మనిషి. ఒకనాడు ఎవరికీ లొంగని గండు కుక్క ఒకటి బల్ల మీద నిలబడి గుర్రుమంటుంటే, చీపురు గోడకు ఆనించి వచ్చి, దాని దవడ కింద అరచెయ్యి పెట్టింది. "ఏం నాయనా, ఎవరేమన్నారు నిన్ను?" అంది. అది తల ఆ చేతిలో వాల్చేసింది. ఆనాటి నుంచి పిన్ని కళ్ళ గదిలో మనిషయింది. ఎడమచెయ్యి దవడ కింద, కుడిచెయ్యి చెవుల వెనక. తల కదలకూడదు, కుక్కకు బిగించినట్టూ ఉండకూడదు. అదీ ఆమె విద్య.

నెలకొకసారి కళ్ళ డాక్టరు పొరుగూరి నుంచి తన పెట్టె మోసుకుంటూ బస్సులో వచ్చేవాడు. జాతి కుక్కలను పెంచి పిల్లలను అమ్మేవాళ్ళు ఆ రోజున తల్లి కుక్కలనూ పిల్లలనూ తెచ్చి బెంచీల మీద వరసగా కూర్చునేవారు. చుక్కలు వేశాక కంటిపాప విచ్చుకోవడానికి అరగంట పడుతుంది. ఆ తర్వాత కిటికీకి నల్లగుడ్డ దించి, నుదుటికి దీపం కట్టుకుని, చేతిలో అద్దం పట్టుకుని డాక్టరు కంటి లోపలికంటా చూసేవాడు. చూసింది చూసినట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టేవాడు. సౌమ్యుడు. పిల్లకుక్కకు కూడా "క్షమించమ్మా" అని చెప్పి మరీ రెప్ప ఎత్తేవాడు.

గొర్రెలు కాసే జాతి కుక్కల్లో ఒక లోపం ఉంది. కంటి వెనక పొర పుట్టుకతోనే పలచగా ఉండిపోతుంది. ఆరేడు వారాల వయసులో చూస్తే అది దొరుకుతుంది. అది దాటితే రంగు కమ్ముకొచ్చి చాలా పిల్లల్లో మరుగున పడిపోతుంది. మరుగున పడిందే గాని పోయింది కాదు. వాటి కడుపున పుట్టే పిల్లలకు దిగుతుంది, ఆ పిల్లల్లో ఏ ఒక్కదానికో చూపే పోతుంది. అందుకే పిల్లల్ని వేళకు తీసుకురమ్మని డాక్టరు నెలనెలా మొత్తుకునేవాడు.

లోపం బయటపడకుండా వేళ దాటించి తెచ్చేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో మొదటివాడు ఈ జాతినే పెంచే కప్పులాయన. కుక్కల పోటీల్లో గెలిచిన కప్పులతో ఆయన ముందుగదిలో గోడే కనబడదు. ఆసుపత్రికి వచ్చే జాతి కుక్కల్లో సగం ఆయన మాట మీద వచ్చేవే. చెడ్డవాడనడానికి లేదు. చలిరోజుల్లో తన కోటు విప్పి పిల్లల బుట్ట మీద కప్పి తాను వణుకుతూ కూర్చోవడం పిన్ని కళ్ళారా చూసింది. కానీ ఆయన కుక్కకు లోపం ఉందంటే మాత్రం ఇంటి ఆడబిడ్డను అన్నంత కోపం.

మూడేళ్ళ క్రితం ఆయన తెచ్చిన పిల్లలు కాగితంలో ఉన్నదానికంటే పెద్దవని పిన్నికి తోచింది. నోరు మెదపలేదు. మనకెందుకులే అనుకుంది. వాటిలో ఒకదానికి పుట్టిన పిల్లను ఒక పోస్టుమాన్ కొనుక్కున్నాడు. ఏడాది తిరక్కుండానే అది బల్లకోళ్ళకు ముఖం కొట్టుకుంటూ ఈ గదిలోకే వచ్చింది. పిన్ని చేతి వాసన పసిగట్టి తోకాడించింది. ఆ పూట పిన్ని అన్నం ముద్ద నోట పెట్టలేకపోయింది. దేవుడి ముందు చెప్పుకుని ఊరుకునే తప్పు కాదనిపించింది.

ఈసారి కప్పులాయన ఆరు పిల్లల్ని తెచ్చాడు. వయసు ఏడు వారాలని కాగితంలో ఉంది. మొదటి పిల్లను బల్ల మీద పెట్టి పిన్ని దవడ పట్టుకుంది. పిల్ల ఆవులించింది. పిన్ని బొటనవేలితో పెదవి కాస్త ఎత్తి చూసింది. రెండోదాన్నీ చూసింది, మూడోదాన్నీ చూసింది.

"బాగా బలిసినట్టున్నాయే" అన్నాడు డాక్టరు, దీపం సరిచేసుకుంటూ.

"మా ఇంటి తిండి అలాంటిది డాక్టరు గారూ. ఆరింటికి ఆరూ మేలైనవి. పిల్లలు తీయించడానికే కొనుక్కుంటున్నారు, అప్పుడే ఆరుగురు కాచుకుని ఉన్నారు" అన్నాడు కప్పులాయన.

"తిండికి ఒళ్ళు పెరుగుతుందండీ. పళ్ళ మధ్య సందులు రావు" అంది పిన్ని.

డాక్టరు దీపం వదిలి ఆమె వైపు తిరిగాడు.

"ఏంటి పిన్నీ?"

"ఏడు వారాల పిల్లకి పాలపళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. దవడ ఎదిగితేనే ఎడమొస్తుంది. వీటికి వచ్చేసింది. పన్నెండు వారాలకి ఒక్కరోజు తక్కువుండవు."

"నువ్వు కుక్కను పట్టుకోడానికొచ్చావా, పళ్ళు లెక్కపెట్టడానికొచ్చావా?" అన్నాడు కప్పులాయన.

"పట్టుకుంటేనే కదండీ పళ్ళు కనబడేది."

"కాగితంలో ఏడని రాసుంది, కనబడలేదా?"

"కాగితానికేమండీ, నోరు లేదు. దీనికుంది, మీరే చూడండి" అని పిల్లను ఆయన వైపు తిప్పింది. అది ఆయన వేలిని ముద్దుగా కొరికింది.

కప్పులాయన ముఖం ఎర్రబడింది. "ఎంతవరకు చదివావు నువ్వు?"

"ఐదు దాకా. పన్నెండు లెక్కపెట్టడానికి అది చాలండి."

గొడవ విని ఆసుపత్రి యజమానురాలు లోపలికొచ్చింది. జరిగింది విని తల పట్టుకుంది. "పిన్నీ, పొరపాటు పడ్డానని ఒక్క మాట అనేయ్. ఆయన పెద్దమనిషి. ఆయన రావడం మానేస్తే సగం బెంచీలు ఖాళీ. అప్పుడు నేను నిన్నే మానిపించాల్సి వస్తుంది. మీ అక్క సంగతి ఆలోచించు."

పిన్ని పిల్ల దవడ కిందున్న చెయ్యి తీయలేదు.

"మీ ఉప్పు తిన్నానమ్మా, కాదనను. మీరు వెళ్ళమంటే వెళ్తాను. కానీ పొరపాటు పడ్డానని అనను. ఇదివరకోసారి నోరు మూసుకుని పడ్డాను పొరపాటు. ఆ పోస్టుమాన్ కుక్క కళ్ళు పోయాయి. ఆ పాపంలో నా వాటా నాకుంది, ఇంకో వాటా మోయలేను."

"ఏడ్చినట్టుంది! పనిమనిషి మాట మీద నా కుక్కల్ని తప్పుపడతారా?" అని కప్పులాయన కేకేశాడు.

"నా మాటెందుకండీ? డాక్టరు గారికీ కళ్ళున్నాయిగా."

గొడవంటే డాక్టరుకు చచ్చేంత భయం. అయినా నుదుటి దీపాన్ని దించి పిల్లల నోళ్ళు వరసగా చూశాడు. ఆ తర్వాత నల్లగుడ్డ దింపించి కళ్ళూ చూశాడు.

"పైకి బాగానే ఉన్నాయి. కానీ లోపం ఉన్నా ఈపాటికి రంగు కమ్మేసి ఉంటుంది. ఉందని అనలేను, లేదనీ అనలేను. ఏడు వారాలప్పుడు చూశానని మాత్రం సంతకం పెట్టలేను. పన్నెండు వారాలు, నమ్మకంగా చెప్పలేం. అంతే రాస్తాను. కొనేవాళ్ళు చదువుకుంటారు."

కప్పులాయన బుట్ట ఎత్తుకున్నాడు. "ఆ కాగితం మీరే ఉంచుకోండి. ఇక ఈ గడప తొక్కితే ఒట్టు!" అంటూ వెళ్ళబోయాడు.

"అయ్యా, ఒక్క నిమిషం" అంటూ పిన్ని అడ్డొచ్చింది. ఆయన చెయ్యెత్తుతాడేమోనని యజమానురాలు బెదిరింది. బుట్ట మీద ఆయన కప్పిన కోటు జారిపోతే పిన్ని పైకి లాగి సరిచేసింది. "చుక్కలేశాం కదండీ. ఎండ తగిలితే వాటికి కళ్ళు జిగేల్‌మంటాయి. సాయంత్రం దాకా నీడనే ఉంచండి." ఆయన బుట్టతో బయటికి వెళ్ళిపోయాడు.

యజమానురాలు కుర్చీలో కూలబడింది. "రేపు కుక్కలు పెంచేవాళ్ళ సంఘంవాళ్ళందర్నీ వెంటేసుకొస్తాడు. ఎవరన్నారు ఆ మాట అని నిలదీస్తాడు. ఏం చెప్పను?"

డాక్టరు కలం తీశాడు. "నేను చూసి చెప్పానని రాస్తానండీ. పిన్ని ఊసు ఎత్తను. నన్ను తీసేస్తే ఇంకో ఊరి బస్సెక్కుతాను. ఆవిడ ఎక్కడికి పోతుంది?"

ఆ మాటకు పిన్నికి కళ్ళు చెమర్చాయి. అంత భయస్తుడు తనకోసం నిలబడడం చిన్న సంగతి కాదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని బల్ల దగ్గరికొచ్చి, కాగితం అడుగున ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది.

"మీ మంచితనం దేవుడు చూస్తాడు బాబూ. కానీ నాకో సాయం చెయ్యండి. పళ్ళు చూసి వయసు చెప్పింది నేనేనని ఇక్కడ నా పేరు రాయండి, ఇంటిపేరుతో సహా. పిన్ని అని రాయకండి, ఊళ్ళో చాలామంది ఉన్నారు."