మిరప కల్లంలో ప్రిన్సిపాలు పదవి

నాలుగక్షరాలు వచ్చినవాడు ఊరికొకడుంటాడు గానీ, కప్పించుకున్న శాలువాలు బీరువాలో పట్టక మంచం కింద కుక్కుకున్నవాడు ఎక్కడో గానీ ఉండడు. మన అంకమ్మరావు అలాంటివాడు. దర్శికి పోయే రోడ్డు మీదున్న ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ లెక్చరరు. ఉత్తమ అధ్యాపక అవార్డు ఆయనకే వచ్చింది. ఆ అవార్డిచ్చే సంఘానికి అధ్యక్షుడూ ఆయనే కాబట్టి ఎంపిక మీద ఎవరూ పేచీ పెట్టలేదు. జాతీయ సదస్సు జరిపించాడు. వచ్చినవాళ్లంతా ఆ కాలేజీ మేష్టర్లే అయినా, కరస్పాండెంటుగారి వియ్యంకుడు మద్రాసు నుంచి సరిగ్గా భోజనాల వేళకి దిగాడు గనక అది జాతీయమే. ఇంత చేసినా మనిషికి గర్వం లేదు. ఎవరైనా అడిగితేనే చెప్పేవాడు. అడిగేదాకా ఎదురుగా నిలబడేవాడు, అంతే.

రెండువేల నాలుగులో, మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో, ఆ కాలేజీ ప్రిన్సిపాలు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ మీద అంకమ్మరావుకి ఎన్నాళ్లనుంచో కన్నుంది. కరస్పాండెంటుగారు తేల్చి చెప్పారు: "గ్రేడిచ్చే కమిటీ వస్తోందయ్యా. మంచి గ్రేడు తెప్పించావా, కుర్చీ నీది. లేదంటే బయటినుంచి ఎవర్నో తెచ్చుకుంటాను."

తీరా చూస్తే ఆ కమిటీ దగ్గర శాలువాలకి మార్కుల్లేవట. సమాజసేవ కావాలట. అంకమ్మరావు తడుముకోకుండా నివేదికలో ఒక ఘనకార్యం చేర్చాడు. తన సొంతూరి రైతులకి మిరపకాయలు శాస్త్రీయంగా ఎండబెట్టడం తానే నేర్పాననీ, అంతకుముందు వాళ్లకా జ్ఞానం లేదనీ. రాసిందాన్ని చూడ్డానికి ఏ కమిటీ అయినా కల్లాల్లోకి వస్తుందా? ఈ కమిటీ వస్తానంది.

ముందురోజు సాయంత్రం ఆయన స్కూటరేసుకుని బాబాయి రోశయ్య కల్లానికి పరిగెత్తాడు.

"బాబాయ్, నా బతుకు నీ చేతుల్లో ఉంది. రేపు కమిటీ మేడమ్ అడిగితే ఒక్క ముక్క చెప్పు చాలు. మావాడే నేర్పాడు, అంతకుముందు మాకు తెలీదు అని."

"ఓస్, ఇంతేనా? నిన్ను ప్రిన్సిపాల్ని చేసే మాట ఆమాత్రం అనలేనంట్రా?" అన్నాడు రోశయ్య.

"ఈయన అంటాడు! నాకు నమ్మకంలేదు," అంది పిన్ని రాఘవమ్మ.

"నువ్వు నోరు మూసుకుంటే చాలు."

పక్క కల్లం రైతు కోటేష్ అక్కణ్నుంచే కేకేశాడు: "మేమూ తలూపుతాంలేరా అంకమ్మా! కుర్చీ ఎక్కాక మమ్మల్ని మర్చిపోమాక!"

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ నేల మీద రైతు ఎద్దునడిగితే తోలి పంపుతాడు. మాటిస్తే నిలబడతాడు. కానీ మిరప సంగతి నాకు తెలియదని పరాయి మనిషి ముందు, అందునా పక్క కల్లం వాడు వింటుండగా, ప్రాణం పోయినా అనలేడు. ఆ మట్టిలోనే పుట్టి పెరిగిన అంకమ్మరావు ఆ ఒక్కటీ మరిచాడు.

మర్నాడు కమిటీ పెద్ద మాధవీలతగారు, తిరుపతి ప్రొఫెసరమ్మ, రోశయ్య కల్లం దగ్గర కారు దిగుతూనే ఘాటుకి తుమ్మి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని అడిగింది.

"పెద్దాయనా, కాయలు ఎండబెట్టడం మీకెవరు నేర్పారు?"

"మా అంకమ్మరావేనండి."

అంకమ్మరావు ఊపిరి పీల్చుకున్నాడు.

"అంతకుముందు మీకు తెలియదా?"

పక్క కల్లంలో కోటేష్ కాయలు తిరగేయడం ఆపి చెవి ఇటు పెట్టాడు. అంతే, రోశయ్య మెడ నరాలు ఉబ్బాయి.

"తెలీకపోవడమేందమ్మా! మా తాతల నాటినుంచీ మా కల్లం కాయకి గుంటూరు యార్డులో పేరుంది. వీడా నాకు నేర్పేది?"

"చెప్పానా!" అని రాఘవమ్మ తల కొట్టుకుంది. అక్కడితో ఆగిందా? "అసలు పోగేసేదీ, మంచు పడకుండా పట్టా కప్పేదీ, రంగు పోయిన తాలుకాయ ఏరేదీ నేనమ్మా. ఈ మగాళ్లకేం తెలుసు?"

"మీ కాయకి పేరా?" కోటేష్ గట్టు దాటి వచ్చేశాడు. "పోయినేడు మంచుకి నల్లబడలా? పేరు మా కాయదమ్మా! ఈ అంకమ్మ చిన్నప్పుడు కాయ ముట్టుకున్న చేత్తో కళ్లు నులుముకుని, ఏడ్చుకుంటా ఇంటికి పోయేవోడు!"

ప్రిన్సిపాలు కుర్చీ కాళ్లు ఒక్కొక్కటే విరుగుతున్న చప్పుడు అంకమ్మరావుకి స్పష్టంగా వినపడింది.

"ఏమండీ అంకమ్మరావుగారూ, మీరే నేర్పారని రాశారే?" అంది మాధవీలతగారు.

అక్కడుంది మన అంకమ్మరావు గొప్పతనం. ఇంకొకడైతే కారెక్కి దాక్కునేవాడు. ఆయన చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"రాసింది నిజమేనండి మేడమ్. నేర్పినట్టు వాళ్లకే గుర్తులేనంతగా నేర్పాను. విద్య వంటబట్టడమంటే అదే గదండీ. నాకు పేరు కోసం పాకులాట లేదు."

"ఏరా!" అని రోశయ్య లేవబోతే, రాఘవమ్మ జబ్బ గిల్లి కూచోబెట్టింది.

మాధవీలతగారు నవ్వింది. "చాలా కాలేజీలు చూశాను గానీ, ఇంత ధీమాగల రైతుల్నీ చూళ్లేదు, ఇంత ధీమాగల లెక్చరర్నీ చూళ్లేదు. వీళ్లని మీ కాలేజీలో పాఠాలు చెప్పనిస్తానంటే మంచి గ్రేడు రాస్తాను. చెప్పినట్టు ఫోటో పంపాలి."

గ్రేడొచ్చింది. కుర్చీ వచ్చింది. ఎవర్ని పిలవకపోతే వాళ్లు అలిగేట్టున్నారని ముగ్గురినీ గౌరవ అధ్యాపకుల్ని చేయక తప్పలేదు. మొదటి క్లాసు రోజున, ఫోటో కోసం, పిల్లలతోపాటు ముందు బెంచీలో ప్రిన్సిపాలుగారూ కూచున్నారు.

రోశయ్య ఒక కాయ పైకెత్తాడు. "ఇది ఎన్నో కోత కాయ? నువ్వు లేచి చెప్పరా, ప్రిన్సిపాలూ."

అంకమ్మరావు లేచి నిలబడ్డాడు. "మొదటి కోత, బాబాయ్."

"కూచో. రెండో కోత."

"కళ్లు కనపడటంలా? అది మూడో కోత!" గుమ్మం దగ్గర్నుంచి కోటేష్ అరిచాడు.

"నేను కోసిన కాయ నాకు చెప్తారా?" అంటూ రాఘవమ్మ చెంగు దోపుకుని వేదికెక్కింది.

దర్శి చుట్టుపక్కల ఏ కాలేజీలోనైనా సరే, గంట కొట్టాక కూడా ఒక్క విద్యార్థీ బయటికి పోని క్లాసు ఇప్పటికీ అదొక్కటే.