రాజీ చాయ్‌కి ముందు

2021 జనవరిలో దుబాయ్‌లోని జెబెల్ అలీలో ఒక నిర్మాణ సంస్థ లేబర్ క్యాంపుకి వెల్ఫేర్ ఆఫీసర్‌గా చేరాను. కార్మికుల చిన్నాచితకా తగవులు తీర్చడం నా బాధ్యత. అందులో చెయ్యి తిరిగినవాణ్ణని గర్వం ఉండేది. ఇప్పటికీ కాస్త ఉంది. పద్ధతి మన ఊరి పెద్దమనుషులదే. ఇద్దరినీ కూర్చోబెట్టి, చేతులు కలిపించి, చాయ్ తాగించి, కాగితం మీద సంతకాలు తీసుకోవడం. క్యాంపులో దాన్ని ‘రాజీ చాయ్’ అనేవారు.

ఆ వేసవిలో కంపెనీ బస్సు డ్రైవర్ సత్తిబాబు, సీటు దగ్గర మాటామాటా పెరిగి, జగిత్యాల లచ్చన్న చెంప వాచేలా కొట్టాడు. అరగంటలో ఇద్దరికీ చాయ్ తాగించేశాను. మర్నాటినుంచి లచ్చన్న డ్యూటీకి వెళ్లడం మానేశాడు. రెండు వార్నింగ్ లెటర్లు వెళ్లాయి. మూడోది అందితే ఉద్యోగం, వీసా రెండూ పోతాయి. గదికి వెళ్లి, రాజీ అయ్యాక ఈ మొండితనం ఏమిటని కేకలేశాను.

“చాయ్ తాపిండ్రు గని, నన్నొక్క మాటన్న అడిగిండ్రా సార్?” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నిజం కాబట్టి ఇంకాస్త మండింది.

క్యాంపు నిబంధన ప్రకారం కుదిరిన రాజీని తిరగదోడే అధికారం నాకు లేదు. ఆ నిబంధన మారాలంటే కార్మికుల ఓటు కావాలి. దెబ్బ తిన్నవాడితో ముందు ఒంటరిగా మాట్లాడాలి, అతని కోరిక రాసుకోవాలి, రాజీ ఆ తర్వాతే; పాత రాజీలకీ ఇది వర్తిస్తుందని రాసి ఓటుకు పెట్టాను. మూడో లెటరు నా బల్ల మీదే ఆపాను. ఖలాస్ అయిన గొడవకి ఎలక్షనేమిటని మా ముదీర్, అంటే మేనేజరు, విసుక్కున్నాడు. అడిగితే లచ్చన్న సత్తిబాబుని ఉద్యోగం నుంచి తీసేసి ఇండియా పంపించేయమంటాడని గది పెద్దలు అడ్డం తిరిగారు. లోపల నాకూ అదే భయం. చేతులెత్తమంటే అందరూ పెద్దల మొహాలు చూస్తారని చీటీలు వేయించాను. నిబంధన తేలిగ్గానే నెగ్గింది.

ఆ సాయంత్రమే లచ్చన్నని ఆఫీసులో కూర్చోబెట్టి, తలుపు వేసి, ఏం కావాలని అడిగాను.

“నన్ను వేరే బస్సుల ఎయ్యుండ్రి సార్, గంతే. అద్దంలకెల్లి నన్ను జూసి నవ్వుతడాయన.”

ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ఫోన్ చేశాను. రెండు నిమిషాలు పట్టింది. మర్నాడు లచ్చన్న డ్యూటీకి వెళ్లాడు.

రిటైరయ్యేదాకా రాజీలు చేయిస్తూనే వచ్చాను, బాగానే చేయించాను. అయితే మొదటి చాయ్ దెబ్బ తిన్నవాడొక్కడికే పోసేవాణ్ణి, తలుపు వేసి.