కిటికీలోంచి వెళ్ళిన పైపు

మా మావయ్య పరంజాలు కట్టేవాడు. భవనాలకు బయట రంగు వెయ్యాలన్నా, రాలిన పూత మళ్ళీ పూయాలన్నా, పనివాళ్ళు నిలబడడానికి ఇనప పైపులతో అంతెత్తు చట్రం లేపుతారే, అదీ ఆయన పని. అందరూ ఆయన్ని బిగింపు మేస్త్రి అనేవారు. తన మనుషులు పైపులను కలిపి బిగించిన ప్రతి క్లాంపునూ మళ్ళీ ఓసారి తన స్పానరుతో తిప్పి చూస్తే గాని ఆయనకు ముద్ద దిగేది కాదు. మా ఇంటికొచ్చినా అంతే. కుర్చీలు కదిలించి చూసి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసేవాడు.

"ముందు నీ పెళ్ళి సంగతి బిగించుకోరా," అనేది మా అమ్మ. ఆయనకు స్వయానా అక్క. నలభై దాటాక కూడా ఆ ఊసెత్తితే మాట మార్చేసేవాడు.

పని గురించి మాత్రం అడిగితే చాలు, చెప్పేవాడు. పరంజా తనంతట తను నిలబడ్డట్టే కనిపిస్తుందనీ, నిజానికి దాన్ని గోడే పట్టుకుని ఉంటుందనీ అనేవాడు. అలా పట్టి ఉంచేవాటిని కట్లు అంటారు. ఏ గోడకు ఏ కట్టు నప్పుతుందో చూసుకోవడంలోనే సగం పని ఉందనేవాడు.

ఓ ఏడాది ఆయనకు పాత ఇటుకల భవనం ఒకటి వచ్చింది. నాలుగంతస్తులు, నిండా కాపురాలు. బయటి పూత పెళ్ళలు పెళ్ళలుగా రోడ్డు మీద పడుతోంది. కింద నడిచేవాళ్ళకు ఇబ్బంది లేకుండా పరంజా మొత్తానికి వల కప్పాలన్నారు. వల కప్పితే గాలి దారి లేక పరంజానే తోస్తుంది. అంచేత కట్లు ఎక్కువ కావాలి, గట్టివి కావాలి.

కాంక్రీటు గోడైతే బెజ్జం వేసి బోల్టు దిగ్గొట్టి, దానికి పైపు కలిపేస్తే సరిపోతుంది. సైటు ఇంజనీరూ మావయ్యా కలిసి ఇక్కడా అలాగే కొన్ని బోల్టులు దింపి, లాగి చూసే మీటరు తగిలించారు. కింద బాగానే ఆగాయి. పైకి వెళ్ళేసరికి బోల్టు ఇటుక పొడితో సహా ఊడి వచ్చేసింది.

ఇంజనీరు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇది గోడ కాదు మేస్త్రీ, బిస్కెట్టు," అన్నాడు.

ఇక మిగిలినవి కిటికీలు. కిటికీ రెండు పక్కల గోడల మధ్య అడ్డంగా పైపు పెట్టి, మర తిప్పి బిగించడం ఒక పద్ధతి. ఇంట్లోవాళ్ళకు ఏ బాధా ఉండదు, తలుపులు మూసుకోవచ్చు. కానీ అది బిగువు మీదే నిలుస్తుంది. పరంజా అదురుతున్న కొద్దీ వదులవుతుంది, గుల్లబారిన గోడలో మరీను. రెండో పద్ధతి, పైపును కిటికీలోంచి గదిలోకి పోనిచ్చి, లోపలి గోడకు ఆనుకునేలా ఇంకో పైపు అడ్డంగా కలపడం. ఆ అడ్డపైపు కిటికీ కంటే పొడుగు కాబట్టి, ఎంత లాగినా బయటికి రాదు. ఇద్దరూ మాట్లాడుకుని పై అంతస్తుల్లో ఇదే ఖాయం చేశారు.

కాపురాలవాళ్ళు సణుక్కుంటూనే ఒప్పుకున్నారు. మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ మాత్రం ససేమిరా అంది. భర్త పోయి చాలా కాలమైంది. తనూ, తల్లీ ఉంటారు. కుట్టుమిషను సరిగ్గా ఆ కిటికీ దగ్గరే ఉంది.

మావయ్య స్వయంగా వెళ్ళాడు.

"నా వెలుతురంతా ఇక్కడే ఉంది మేస్త్రిగారూ. ఇక్కడ పైపు పెడితే నేను దారం ఎక్కడ ఎక్కించుకోను?" అందావిడ. "కిటికీ బయట అడ్డంగా బిగించుకోండి, కాదనను."

"అది వదులవుతుందండీ. పై గోడ మంచిది కాదు. లోపల ఆనుకునేలా ఏదైనా ఉండాలి."

ఆవిడ ఒళ్ళో ఉన్న కోటు తిరగేసి చూపించింది. "బరువైన కోటుకు గుండీ ఊడకుండా లోపలివైపు ఇంకో చిన్న గుండీ పెట్టి కుడతాం. అలాగా?"

"అలాగేనండీ," అన్నాడు మావయ్య. తను ఇంకా చాలా చెప్పాలని సిద్ధపడి వచ్చాడట. ఏమీ మిగల్లేదు.

ఒప్పుకుంది గాని షరతులు పెట్టింది. మిషను ఆయనే జరపాలి, మళ్ళీ ఆయనే చోటికి తేవాలి. పైపు కొసలకు గుడ్డ చుట్టాలి. కిటికీ సందులోంచి దుమ్ము రాకూడదు. మావయ్య అన్నీ చేశాడు. సందుకు చెక్క కోయించి అమర్చాడు. మిషను జరిపిన మూలలో చీకటిగా ఉందని ఓ మంచి దీపం కూడా తెచ్చి బిగించాడు, అది షరతుల్లో లేకపోయినా.

కట్లన్నీ వారం వారం చూడాలి. మిగతా ఇళ్ళలో చూసిన దాని కంటే అక్కడ కాస్త ఎక్కువసేపే చూసేవాడని ఆయన మనుషులు మా అమ్మకు చేరవేశారు. ఆవిడ తల్లి గడుసుది. "అబ్బాయ్, ఆ పైపు నిన్ను చూసి చూసి కరిగిపోతుందేమో," అనేదట.

పూత పని సగమయ్యాక ఓ మధ్యాహ్నం మావయ్య వేరే చోట ఉండగా ఫోను వచ్చింది. కుట్టుపనావిడే.

"మేస్త్రిగారూ, పైపులు విప్పమని మీరు చెప్పారా?"

"లేదే. ఎవరు విప్పుతున్నారు?"

కిటికీ అంచులు పూయడానికి అడ్డమని, సాయంత్రం మళ్ళీ పెట్టేయొచ్చని, పూతవాళ్ళు మూడో అంతస్తులోనూ పైనా కట్లు తీసేశారు. ఈవిడ మాత్రం మేస్త్రి వచ్చి చెప్తేనే అని తలుపు తియ్యలేదు. ఆవిడ ఆ మాట అంటుండగానే ఫోనులో గాలి హోరు వినిపించింది మావయ్యకు.

"పరంజా మీదున్న వాళ్ళందరినీ కిటికీల్లోంచి లోపలికి వచ్చేయమనండి. వెంటనే. తర్వాత వలను కట్టిన తాళ్ళు కోసెయ్యాలి. మీ దగ్గర కత్తెర ఉందా?"

"బట్టలు కుట్టేదాన్ని పట్టుకుని కత్తెరుందా అంటారేమిటండీ," అంటూనే ఆవిడ ఫోను బల్ల మీద పెట్టేసింది.

మావయ్య స్కూటరు మీద వచ్చేసరికి పరంజా ఒక పక్క గోడ నుంచి జానెడు దూరం జరిగి, మళ్ళీ గోడకు తగులుతోంది. ఆవిడ గదిలో అడ్డపైపు గోడను ఒరుసుకుని మూలుగుతోంది గాని కదల్లేదు. ఆవిడ అప్పటికే తన కిటికీ దగ్గర చేతికందిన తాళ్ళన్నీ కోసి, పక్క ఇళ్ళకు పరుగెత్తి అక్కడా కోసింది. లోపలికి వచ్చిన పూతవాళ్ళు కూడా చేయి వేశారు. వల విడిపోయి జెండాలా కొట్టుకుంటూ గాలిని వదిలేస్తోంది. మావయ్యా ఆయన మనుషులూ గదుల్లోంచే పైపులు పోనిచ్చి, ఒక్కొక్క కిటికీ బిగించుకుంటూ వచ్చారు. ఎవరికీ గీత కూడా పడలేదు.

అంతా అయ్యాక మావయ్య ఆవిడ గదిలోని క్లాంపులు కూడా స్పానరుతో ఓసారి తిప్పి చూశాడు. పూత మేస్త్రి తల దించుకుని వచ్చి నిలబడ్డాడు. మావయ్య ఆయన్ని తిట్టలేదు.

"తెలిసే ఉంటుందనుకుని నేను నోరు తెరిచి చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. నన్నడక్కుండా ఒక్కటీ విప్పొద్దు."

మర్నాడు కుట్టుపనావిడ ఎర్రగుడ్డ పేలికలు అంచులు మడిచి మరీ కుట్టి ఇచ్చింది. విప్పొద్దన్న గుర్తుగా కట్టు కట్టుకీ ఒకటి వేలాడదీశారు.

పని ముగిశాక మావయ్య ఆ కిటికీ పైపు తీసేసి, గోడ మీద మచ్చకు సున్నం వేసి, మిషను చోటికి జరిపాడు. చేయడానికి ఇంకేమీ లేదు. అయినా గుమ్మంలో నిలబడ్డాడు.

"పైపు లేదుగా బాబూ. వచ్చే వారం ఏం చూడ్డానికి వస్తావు?" అంది ముసలావిడ.

"మిమ్మల్ని చూసి పోతానండీ."

"నేను బాగానే ఉన్నాను. చెప్పాల్సింది దానికి చెప్పు," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏం చెప్పాడో ఇద్దరూ ఇప్పటికీ మాకు చెప్పరు. ఆ రోజు మా ఇంటికొచ్చి, మా అమ్మ ముందు కూర్చుని, "అక్కా, నువ్వోసారి వచ్చి మాట్లాడాలి," అన్నాడు. మా అమ్మ పొయ్యి కట్టేసి, చీర కూడా మార్చుకోకుండా బయల్దేరింది.

పెళ్ళయ్యాక ముసలావిడతో కలిసి ముగ్గురూ ఆ మూడో అంతస్తులోనే ఉంటున్నారు. అత్తయ్య నాకు కుట్టిన జాకెట్లకు ఇంతవరకూ ఒక్క కుట్టు ఊడలేదు. మావయ్య మోకాళ్ళ నొప్పులొచ్చాక పైకెక్కడం తగ్గించాడు. కింద నిలబడి, మెడ వెనక్కి వాల్చి, ఏ కట్టు ఎక్కడ పడాలో చెబుతాడు.