ఖాళీ ప్లేయరు పాట

మా బొబ్బిలి వీణ పనిలో కర్ర ఎవులైనా చెక్కొచ్చు, మెరుగు ఎవులైనా పెట్టొచ్చు. మేళం కట్టేవాడు మాత్రం ఇంటికొక్కడే. ఇరవైనాలుగు మెట్లనీ మెత్తటి మైనంలో అటూ ఇటూ జరిపి, తీగ మీటి, చెవితో తేల్చి నిలబెట్టడమే మేళం. మా ఇంట్లో మేళం కట్టే పీట మా అయ్యది. నాకు ముప్పై దాటినా, పనసకర్ర తొలిచి తొలిచి అరచేతులు కాయలు కాసినా, ఆ పీట మీద కూకోనిచ్చేవాడు కాదు. 'నీకు సెవి లేదురా' అనేవాడు, కొనడానికొచ్చినోళ్ళ ముందరే. ఒళ్ళు మండిపోయేది.

అప్పట్లో విజయనగరం నుంచి ఒక సంగీతం మేడం వీణ చేయించుకోడానికొచ్చి, అయ్య చేతిలో ఒక సీడీ పెట్టింది. ఎవరో బ్రెజిల్ గాయని ఆల్బం. 'మూడో పాటలో గిటారు తీగ మోగి ఆగే తీరు వినండి గురువుగారూ. నా వీణ అలా పలకాలి' అంది.

నేను విన్నాను. భాష ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. డప్పుల్లేవు, గోల లేదు, గిటారొక్కటే. ఆవిడ పక్కింటావిడకి గోడ మీంచి గుట్టు చెప్పినట్టు పాడుతుంది. పెళ్ళిళ్ళ డీజేలతో పాడైపోయిన చెవులు నావి. అయినా మూడో పాట దగ్గర ఉలి పక్కన పెట్టేసేను.

మా అయ్య మాత్రం 'రేపింటాను' అంటూ పది రోజులు జరిపేడు. అప్పుడు తట్టింది నాకు. పిలిస్తే పలకడు, పొగరనుకునేవాళ్ళం. మేళం కట్టేటప్పుడు గడ్డం వీణకి ఆనించి కళ్ళు మూసుకుంటాడు, భక్తనుకునేవాళ్ళం. అమ్మని నిలదీసేను. 'నాలుగేళ్ళయినాది సెవులు పోయి. ఎవులికీ సెప్పకు నాయినా, ఆ పీట పోతే మనిషి దక్కడు' అంది.

ఎవులికీ చెప్పలేదు. అంతకంటే పాడు పని చేసేను.

మేడం మళ్ళీ వచ్చిన రోజు సీడీ తీసి జేబులో పెట్టుకుని, ఖాళీ ప్లేయరు బల్ల మీద పెట్టి మీట నొక్కేను. ఎర్ర లైటు వెలిగింది. మూడు వేళ్ళు చూపించి 'అయ్యా, మూడో పాట' అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తొడ మీద తాళం వేసేడు. తల ఊపేడు. మేడం ప్లేయరుకేసి చూసి, నాకేసి చూసింది. నేను పెదవి మీద వేలు పెట్టేను. ఆ కాసేపూ నాకెంత కులాసాగా ఉందో దాచను.

'ఆయమ్మ గొంతు తేనె తల్లీ' అన్నాడు అయ్య, కళ్ళు తెరిచి. 'ఆ తీగ నాదం పట్టుకున్నాను. నీకలాగే కడతాను.'

ప్లేయరు మూత తెరిచి చూపించేను. జేబులోంచి సీడీ తీసి ఆయన ఒళ్ళో పెట్టేను.

'నువ్వు మనిషివేనా?' అంది మేడం. అయ్య మైనం గిన్నె నాకేసి తోసి, పీట దిగి పెరట్లోకి పోయేడు.

మేడం వీణకి మేళం నేనే కట్టేను. మూడు వారాలు పట్టింది. ఆవిడ వచ్చి మీటి, మొహం చిట్లించి, పక్కనున్న ఇంకో వీణ తీసుకుని మీటింది. అది అంతకు ముందు నెలే అయ్య కట్టినది. మెట్టు మెట్టూ ఖచ్చితంగా పలికింది. చెవికందని నాదం ఆయనకి గడ్డం ఎముకలోంచి అందేదన్నమాట. ఆ నాలుగేళ్ళలో ఆయన కట్టినదేదీ తప్పలేదు. మేడం అదే పట్టుకుపోయింది.

నా వీణ ఎత్తుకుని పెరట్లోకెళ్ళేను. అయ్య నులకమంచం మీద కూకున్నాడు. ఎదురుగా చతికిలబడి తీగ గట్టిగా మీటేను. 'ఎక్కడ తప్పిందో సెప్పయ్యా' అని అరిచి, వీణ ఎత్తి ఆయన గడ్డానికి ఆనించబోయేను. ఆయన మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. తరవాత నా వేళ్ళకేసి చాలాసేపు చూసేడు.

'నిజంగా మీటతన్నావేటిరా?' అన్నాడు. 'ఉత్తినే ఆడిస్తన్నావా?'