సౌండ్ డ్రైవర్ లేని ల్యాప్‌టాప్

ముందే చెప్తున్నాను. నేను దయ్యాల కథలు చెప్పే మనిషిని కాను. చిన్నప్పుడు మా ఊరు సంగంలో ఎవరైనా అలాంటివి మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. భయంతో కాదు, విసుగుతో. కానీ ఇది నాకు జరిగింది. ఒక్క మాట కూడా కలపడం లేదు. కలపాలనుకుంటే నా తప్పు కాస్త చిన్నదిగా కనపడేలా కలుపుకునేవాణ్ణి కదా... అదీ చేయడం లేదు.

వెంకటాచలంలో నాకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. కళ్ళు మూసుకుని ఓఎస్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం, ఎక్కిస్తానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ రోజు నిజంగానే కళ్ళు మూసుకుని ఎక్కించాను. నా పాపానికి అదే మొదలు.

మా వీధి చివర బట్టలు కుట్టే సారమ్మక్క ఒక గురువారం పొద్దున ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది. అది వాళ్ళాయన జీవరత్నం అన్న వాడుకున్న ల్యాప్‌టాప్. ఆయన తడ దగ్గర ఒక కంపెనీలో షిఫ్టు పని చేసేవాడు. ఏడాది కింద డ్యూటీలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు.

వాళ్ళింట్లో రోజూ రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఇంటి పెద్ద ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్ళు మధ్యమధ్యలో ఆమెన్ అంటారు. అన్నకు ఆ వేళ డ్యూటీ పడితే ఎలా? అందుకని బయలుదేరే ముందు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ రోజు ప్రార్థన రికార్డు చేసి వెళ్ళేవాడు. భార్యా కూతురూ ఆమెన్ అనడానికి మధ్యలో ఖాళీ కూడా వదిలేవాడు. రాత్రి వాళ్ళు అది పెట్టుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళు.

"ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం శీనయ్యా. అందరి ముందరా ఆయన గొంతు వినిపియ్యాలని నా ఆశ. నిన్నట్నుంచి ఇది ఆన్ కావడంలా. గుండ్రంగా తిరగతా ఉండాది, అంతే. ఆయన మాటలన్నీ దీంట్లోనే ఉండాయి. ఇంక యాడా లేవు," అంది.

"ఏం కాదక్కా. కొత్త ఓఎస్ ఎక్కిస్తే సీ డ్రైవ్‌లోదే పోతుంది. డీలో ఉన్నది పోదు," అన్నాను.

మా పనిలో అందరమూ చెప్పే మాట ఇది. రోజుకు పదిసార్లు చెప్తాం. చెప్పి చెప్పి మేమే నమ్మేస్తాం.

ఆ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అలాంటి వాటికి డ్రైవర్లు దొరకవు. డ్రైవర్ అంటే మరేం లేదు, ల్యాప్‌టాప్‌లో ఒక్కో భాగాన్ని పనిచేయించే చిన్న ప్రోగ్రాం. అది లేకపోతే ఆ భాగం ఉన్నా లేనట్టే. సౌండ్ డ్రైవర్ లేకపోతే స్పీకర్ మూగదే.

దాన్లో ఫైళ్ళు దాచుకునే చోట్లు రెండు ఉన్నాయి. బోర్డుకే అతికించిన చిన్న చిప్పు ఒకటి. పాత ఓఎస్ దాంట్లో ఉంది. అడుగున తర్వాత బిగించిన డిస్కు ఇంకోటి. అన్న ప్రార్థనలు దాంట్లో ఉన్నాయి. నేను పెన్ డ్రైవ్ పెట్టి కొత్త ఓఎస్ మొదలుపెడితే తెర మీద ఒక్కటే కనపడింది. చిప్పుకు డ్రైవర్ లేదు కాబట్టి చిప్పు కనపడలేదు. కనపడిన ఆ ఒక్కటే చిప్పు అనుకున్నాను. పక్కన సైజు రాసే ఉంది. చూస్తే తెలిసిపోయేది. అప్పుడు నేను ఫోన్‌లో ఎవరితోనో పోట్లాడుతున్నాను. చేయి అలవాటు మీద పోయింది. డిలీట్... డిలీట్... నెక్స్ట్.

అరగంటలో కొత్త ఓఎస్ ఎక్కింది. డీ డ్రైవ్ కోసం చూశాను. లేదు. అడుగున మరలు విప్పాను. నేను చెరిపేసింది ఈ డిస్కునే. దాని మీద నా దుకాణం స్టిక్కరు ఉంది. మూడేళ్ళ కింద అన్న వచ్చి "రికార్డింగులకు చోటు చాలడంలా శీనయ్యా" అంటే దాన్ని బిగించింది నేనే. ఆ సంగతే మర్చిపోయాను.

సాయంత్రం అక్క వచ్చింది. నిజం చెప్పాలనే అనుకున్నాను. నోరు తెరిచాక వేరే మాట వచ్చింది.

"డిస్కు ముందే పోయిందక్కా. అందుకే ఆన్ కాలా."

ఆమె ల్యాప్‌టాప్ మూతను కొంగుతో తుడిచింది. తర్వాత, "బాగా చూసినావు గదా నాయనా?" అంది.

"చూసినానక్కా."

"సరేలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు. మొహం అట్ట పెట్టుకోబాక. ఆదివారం దాకా నీ కాడే ఉంచుకో. ఇంకోసారి చూడు." నా భుజం మీద తట్టి వెళ్ళింది. తిట్టినా బాగుండేది.

శుక్రవారం రాత్రి షట్టర్ సగం దించి కూర్చున్నాను. పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాం ఒకటి పెట్టాను. కొత్తది ఎక్కాక పాతది దొరకడం చాలా కష్టం. అయినా పెట్టాను. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోయి ఉంటే తీసి పక్కన పడేశాను. చార్జర్ మీదే నడుస్తోంది. సౌండ్ డ్రైవర్ దొరకలేదు. కింద మూలన స్పీకర్ బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు పడి ఉంది. ఇవి రెండూ గుర్తుపెట్టుకోండి... బ్యాటరీ లేదు. సౌండ్ లేదు.

ఒంటిగంట దాటింది. హైవే మీద లారీలు పోతున్నాయి. ఫ్యాన్ కిర్రుకిర్రుమంటోంది. తెర మీద శాతం ఒక్కొక్కటే పెరుగుతోంది. అరవై ఒకటి... అరవై రెండు... అప్పుడు ఒక్క ఫైలు కనపడింది. పేరు లేదు. సైజు సున్నా. అంటే లోపల ఏమీ లేనట్టు. అయినా నొక్కాను. తెరవడం కుదరదని వచ్చింది. తల పట్టుకుని బల్ల మీద వాలాను.

టక్... టక్.

మైకు మీద వేలితో కొట్టిన చప్పుడు.

తల ఎత్తాను. నా ఫోన్ అనుకున్నాను. ఫోన్ చార్జింగ్ అయిపోయి చచ్చి పడుంది. దుకాణంలో మిగతా మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. ఫ్యాన్ ఆపాను. లారీలు కూడా ఆ నిమిషాన ఎందుకో లేవు. ఏమీ వినపడలేదు... హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు ఎవరో గొంతు సవరించుకున్నారు.

ల్యాప్‌టాప్ లోంచి. స్పీకర్ జల్లెడ మీద నా చేయి ఉంది. చేతికి అదురు తెలిసింది. ఎర్ర ఇంటూ గుర్తు అలాగే ఉంది. అదే చూస్తున్నాను. చూస్తుంటే...

"సారా... ఆ పొయ్యి కాడ నిలబడి వినేది కాదు. వచ్చి కూచో."

జీవరత్నం అన్న గొంతే. నాకు తెలుసు. కాస్త బొంగురు, చివర్లో కాస్త నవ్వు. తర్వాత ప్రార్థన మొదలైంది. కూతురి చదువు. పక్కింటివాళ్ళ జబ్బు. ఒక్కొక్కరి పేరూ చెప్పి... ఆగేవాడు. ఆమెన్ అనడానికి ఖాళీ. ఆ ఖాళీలో ఏమీ లేదు. ఊపిరి ఒక్కటే. మళ్ళీ మొదలుపెట్టేవాడు.

నాకు ఏమైందో తెలియదు, చార్జర్ పట్టుకుని లాగేశాను. తెర ఆరిపోయింది. ల్యాప్‌టాప్ మీది చిన్న లైటూ ఆరిపోయింది. చీకటి తెరలో నా మొహం కనపడుతోంది.

గొంతు ఆగలేదు.

"ఈ మిషను బాగుచేసి ఇచ్చిన శీనయ్యను జ్ఞాపకం చేసుకో ప్రభువా... వాడి చేతి పనిని ఆశీర్వదించు..."

ఆగాడు.

మళ్ళీ అదే ఖాళీ. ఈసారి ముందుకు పోలేదు. ఆ ఊపిరి వినపడుతూనే ఉంది. ఒకటి... రెండు... మూడు. ఎదురుచూస్తున్నట్టు. నేను చర్చి మెట్లు ఎక్కినవాణ్ణి కాను. మాది శనివారం వెంకటేశ్వరస్వామికి ఉపవాసముండే ఇల్లు. నా చేతుల వంక చూసుకున్నాను. ఆ డిలీట్ నొక్కిన చేతులను ఆశీర్వదించమంటున్నాడు ఆ మనిషి. ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆ ఊపిరి ఇంకా ఆగే ఉంది...

"ఆమెన్," అన్నాను.

టక్. మైకు ఆపిన చప్పుడు. అంతే.

తెల్లారేదాకా షట్టర్ బయట మెట్టు మీద కూర్చున్నాను. వెలుతురు వచ్చాక చార్జర్ పెట్టి చూస్తే వెతుకులాట మొదటికొచ్చింది. సాయంత్రం దాకా వెతికించాను. నూటికి నూరు శాతం అయింది. ఆ పేరు లేని ఫైలు మళ్ళీ కనపడలేదు.

రాత్రంతా కూర్చున్నా ఫైళ్ళు రాలేదని అక్కకు కబురు పంపి, ఆదివారం కూడికకు వెళ్ళాను. వాకిట్లో చాపలు పరిచారు. వెనక కూర్చున్నాను. పాస్టరు గారు మాట్లాడారు, పాటలు పాడారు. సారమ్మక్క మాత్రం లోపల పొయ్యి దగ్గర గుమ్మంలో నిలబడే ఉంది. వచ్చినవాళ్ళకు టీ పెట్టాలి కదా, నిలబడదా? అలాగే సర్దిచెప్పుకున్నాను. చివర్లో ఆమె అందరికీ వినపడేలా, "ఆయన గొంతు వినిపియ్యలేకపోయినాం. మన శీనయ్య రాత్రంతా కష్టపడినాడు. ఆ బిడ్డ కోసం కూడా ప్రార్థన చెయ్యండి," అంది. అందరూ నా వైపు తిరిగారు. అంతమందీ తల వంచి నా కోసం ప్రార్థన చేశారు. భూమి చీలితే దూరిపోదును.

అందరూ వెళ్ళాక ఉండబట్టలేక అడిగాను. "అక్కా, అన్న ప్రార్థనలో బయటివాళ్ళ పేర్లు కూడా చెప్పేవాడా?"

"రోజుకొకరిని కలిపేవాడు. ఎవరు ఏ మేలు చేసినా ఏదో ఒక పూట వాళ్ళ పేరు ఉండాల్సిందే."

"నా పేరు ఎప్పుడన్నా..."

"నేను విన్నవాట్లో లేదు నాయనా." చాప చుడుతూ మళ్ళీ అంది. "చివరిది వినలా. ఆయన పోయిన రోజు మధ్యాన్నం రికార్డు చేసి పెట్టి పోయినాడు. ఆ రాత్రి ఎనిమిదికి పెడదామనుకుంటా ఉంటే కబురొచ్చింది. తర్వాత నాకు చేతులు రాలా. వినేస్తే ఇంక ఆయన మాటలు అయిపోతాయి గదా. ఏడాదయినాక అందరం కూచోని విందామని దాచుకున్నా."

టీ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

ల్యాప్‌టాప్ ఇంకా నా దుకాణంలోనే ఉంది. అప్పటినుంచి ఇదే ఆలోచన. నేను విన్నది ఆ చివరిదేనా? అయితే ఏడాదిగా ఆమె దాచుకున్న మాటలు నా ఒక్కడి చెవిలో పడ్డాయి. దాచితే రెండోసారి దొంగను. కాదు, నా తప్పే నా తలలో ఆ గొంతు పలికించిందా? అయితే వెళ్ళి ఆమెకు చెప్పడం రెండో అబద్ధం. లేని మొగుడి మాటలు నేను కల్పించి చేతిలో పెట్టినట్టు. ఏదో ఒకటి అని తేల్చుకుందామంటే ఆ ఫైలు లేదు. దాన్ని పోగొట్టింది నేనే.

డిలీట్ చేసింది నేనేనని చెప్పేద్దామని మూడుసార్లు వాళ్ళింటి దాకా వెళ్ళాను. రెండుసార్లు కుట్టుమిషను చప్పుడు విని వెనక్కి తిరిగాను. మూడోసారి, మొన్న, ఆమె నన్ను చూసింది. పాదం మిషను మీంచి తీసింది. కుడుతున్న జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని నా మొహం వంక చూసింది.

"ఏం శీనయ్యా... ఏమన్నా దొరికిందా?" అంది.

లేదక్కా అనలేకపోయాను. దొరికిందనీ అనలేకపోయాను.