మార్త మేడం పగలగొట్టిన తాళం

మా కబడ్డీ గురువు మార్త మేడం ఇక లేరన్న వార్త నాకు మధురానగర్‌లో నేను వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసే బడిలో, ఉదయం ప్రార్థన వేళ తెలిసింది. మోతీనగర్ నుంచి ఆమె చెల్లెలు రూతమ్మ గారు ఫోన్ చేశారు. "అక్క పోయిందమ్మా. గ్రౌండుకెళ్దామని బూట్లు వేసుకుంటా ఉంటే గుండె ఆగిపోయింది." బరిలో ఎందరు చుట్టుముట్టినా తొణకని ఆ ధీరమూర్తి నిర్జీవంగా పడి ఉందంటే నా మనసు అంగీకరించలేదు. సాయంత్రానికి ఆ దుఃఖంలో ఏవగింపు కూడా కలిసింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె గురించి చెప్పాలి.

బాపట్ల దగ్గరి పల్లె నుంచి క్రీడా హాస్టల్లో చేరడానికి హైదరాబాదు వచ్చారు. రాష్ట్ర జట్టుకు నాయకత్వం వహించినా ఉద్యోగం రాలేదు. కృష్ణానగర్‌లో ఇరుకు గదిలో ఉంటూ, సినిమాల్లో కథానాయికలకు బదులు గోడలు దూకే డూప్‌గా బతికారు. మోకాలు దెబ్బతిన్నాక కాంట్రాక్టు కోచ్ ఉద్యోగం దొరికింది. "తెరమీద నా మొహం ఎప్పుడూ కనపళ్ళేదు. మీ మొహాలు మాత్రం జనం చూడాలర్రా" అనేవారు. జూనియర్ ఆర్టిస్టుల కూతుళ్ళం, పనిమనుషుల కూతుళ్ళం, మేమంతా ఆ మాట పట్టుకుని పెరిగాం.

ఆడపిల్లల ఆటలను ప్రోత్సహించడానికీ, క్రీడల్లో మహిళలకు నాయకత్వం అప్పగించడానికీ ప్రభుత్వం ఒక కమిటీ వేసి, మేడంను అందులో సభ్యురాలిని చేసింది. ఎంత సంబరపడ్డారో! జూబ్లీహిల్స్‌లో జరిగిన తొలి సమావేశానికి నన్నూ తోడు తీసుకెళ్ళారు. బల్ల చుట్టూ ఆమె తప్ప అందరూ మగవాళ్ళే. జీడిపప్పు నములుతూ ఆ పెద్దలు చర్చించింది అమ్మాయిల నిక్కర్ల పొడవు గురించి! మేడం ఓపికగా విని, "నిక్కరు పొడవు తేల్చడానికి ఇంతమంది కావాలా అండీ? పిల్లలు బట్టలు మార్చుకునే చోటు లేదు. అది ఒక్కరూ అడగరేం?" అన్నారు. చైర్మన్ నవ్వాడు. "ఎమోషనల్ కావద్దు మేడం. నెక్స్ట్ మీటింగ్‌ల చూద్దాం."

ఆమె పోరగా పోరగా మా మైదానంలో ఆడపిల్లలకు గదీ, మరుగుదొడ్డీ కట్టారు. ఫిల్మ్‌నగర్ నుంచి ఒక హీరోయిన్‌ను రప్పించి రిబ్బన్ కత్తిరించారు. మమ్మల్ని ఎండలో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. కార్లు కదలగానే గదికి తాళం పడింది. లోపల సభల కుర్చీలు పేర్చుకున్నారు. మేము మాత్రం ఎప్పటిలాగే చున్నీలు అడ్డం పట్టుకున్నాం.

ఒకరోజు ఆట మధ్యలో, మా అందరికంటే చిన్నదైన స్వప్న అనే పిల్లకు నెలసరి వచ్చింది. బట్టల మీద మరక చూసి ప్రహరీ మీద కూర్చున్న మగవాళ్ళు ఈలలు వేశారు. మేడం ఆ పిల్లను పొదివి పట్టుకుని తిన్నగా మైదానం ఇన్‌చార్జి దగ్గరకు నడిచారు.

"తాళం తియ్యండి."

"పైకెల్లి ఆర్డర్ రావాలె మేడం. నేనేం జేస్త?"

ఆమె బండరాయి ఎత్తి తాళం పగలగొట్టారు.

"గిట్ల జేస్తే కేసైతది మేడం!"

"పెట్టుకోండి నాయనా. ఆడపిల్లకి మరుగు అడిగినందుకు జైల్లో వేశారని మా చర్చిలో నేనే సాక్ష్యం చెప్తాను."

ఆ కుర్చీలన్నీ మా చేతులతోనే బయటికి మోశాం. ఆ గదికి మళ్ళీ తాళం వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కేసూ పెట్టలేదు. అనారోగ్యం వల్ల మేడం తప్పుకున్నారని ప్రకటించి, కమిటీలో ఆమె స్థానం చైర్మన్ మరదలికిచ్చారు. మైదానంలో కాలు పెట్టి ఎరగని ఆవిడ ఫోటో కింద 'మహిళా నాయకత్వం' అని అచ్చువేసుకున్నారు! ఎంత నీచం! మేడం ఆ ఫోటో చూసి, "సరే, పదండి, ఆలస్యమవుతోంది" అని మమ్మల్ని ఆటకు లేపారు.

ఆ చైర్మనే మొన్న సాయంత్రం శవపేటిక దగ్గరకు పూలచక్రం పట్టుకుని వచ్చాడు. దాని మీద ఆమె పేరు కంటే అతని పేరే పెద్దక్షరాల్లో ఉంది. "మహిళా నాయకత్వానికి మార్త గారు నిలువెత్తు నిదర్శనం" అని కెమెరాలకు చెప్పి, ఏడుస్తున్న పిల్లల వైపు తిరిగాడు. "జర జెర్సీలు ఏసుకొచ్చి గీడ నిలబడుండ్రమ్మా. ఫోటో మంచిగొస్తది." ఒక్క పిల్లా కదల్లేదు. రూతమ్మ గారు కళ్ళు తుడుచుకుని, "అక్కని తీసేసినప్పుడు ఒక్క మాటైనా చెప్పలేదు మీరు. ఇప్పుడు మేం పాట పాడుకోవాలి. జరగండయ్యా" అన్నారు. అతను ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

సమాధి దగ్గర స్వప్న అడిగింది. "రేపు ప్రాక్టీస్ ఉందా అక్కా?" ఉందన్నాను.

మర్నాడు నేనే సున్నంతో గీతలు వేసి, కూత పెట్టించాను. ప్రభుత్వం ఆ కోచ్ పదవిలో ఎవరినైనా కూర్చోబెట్టవచ్చు. మాకు మాత్రం మరో మార్త మేడం దొరకరు. ఆ మహనీయురాలి పాదాలకు నా నమస్సులు. రైడ్‌కు వెళ్ళేముందు ప్రతి పిల్లా, వెళ్ళమని తలూపే ఆమె కోసం గీత పక్కకు తిరిగి చూస్తోంది. అందుకని నేను అక్కడికి వెళ్ళి నిలబడ్డాను. వాళ్ళ చూపులు నన్ను దాటి వెతుకుతూనే ఉన్నాయి.