చుక్కల్లేని అద్దం

జగ్గారావుకి అసహ్యం పుట్టించని కారు తలుపు ఇంతవరకు అతని షెడ్డు ముందుకి రాలేదు. పైకి చూస్తే ఏ తలుపైనా నున్నగా మెరుస్తూనే ఉంటుంది. లోపలి అట్ట ఊడదీస్తే తెలుస్తుంది అసలు బాగోతం. గుట్కా పొట్లాలు, బబుల్‌గమ్ ముద్దలు, సగం దించిన కిటికీలోంచి ఉమ్మబోతే బయటకి పోకుండా లోపలికే కారి గడ్డకట్టిన ఎర్రటి జిగురు, దానిమీద పోర్టు వైపు నుంచి గాలికి వచ్చి అంటుకున్న నల్లటి బొగ్గుపొడి. ముప్పై ఏళ్లుగా అతను ఆ తలుపుల్లోనే చేతులు పెడుతున్నాడు, ముప్పై ఏళ్లుగా ప్రతి తలుపు ముందూ అదే మాట అంటున్నాడు.

"ఛీ! ఈళ్లు మడుసులా పందులా? ఇంట్లో కూడా ఇలాగే ఉమ్ముతారేటి?"

కారు యజమాని పక్కనే నిలబడి ఉన్నా సరే, ఆ మాట ఆగదు. పెందుర్తి నుంచి వచ్చిన బ్యాంకు ఆఫీసరుకీ అదే, ఆటోనగర్ లారీ ఓనరుకీ అదే. అయినా జనం అతని దగ్గరికే వస్తారు, తిట్లు తిని మరీ అద్దం వేయించుకుంటారు. ఎందుకంటే పక్క కిటికీ అద్దం పగిలిందంటే పలుకులు పలుకులుగా రాలి తలుపు లోపలా, సీటు సందుల్లోనూ దూరిపోతాయి. మిగతా మేస్త్రీలు పైపైన దులిపి, కొత్తది బిగించి పంపేస్తారు. జగ్గారావు అలా కాదు. లోపలి అట్ట తీసి, బ్రష్షుతో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆఖర్న సీటు మీద ఉత్త అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి రాస్తాడు. చేతికి ఏదీ గుచ్చుకోకపోతేనే తాళం చేతికిస్తాడు. ఆ అరచెయ్యి నిండా సన్నటి తెల్లటి గీతలే.

విజయనగరం పక్క పల్లెటూరి వ్యవసాయ కుటుంబం వాళ్లది. స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం దొరుకుతుందని ఇరవై ఏళ్ల వయసులో విశాఖపట్నం వచ్చాడు. అది దొరకలేదు. అక్క గౌరీశ్వరి మొగుడు తిరుమలరావుకి వన్ టౌన్‌లో కారు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉండేది. ఆయనే ఒక అద్దాల మేస్త్రీ దగ్గర పనికి పెట్టించాడు, తర్వాత జ్ఞానాపురంలో ఈ రేకుల షెడ్డు చూపించాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా జగ్గారావు వేసిన అద్దాల్లో సగానికి పైగా ఆ కొట్టు నుంచి వచ్చినవే. బావ ఇచ్చిన సరుకు అంటే అతనికి మళ్లీ చూసుకోవలసిన పని లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే అర్జునరావు వచ్చాడు. జాలారిపేట మనిషి, సముద్రం మీద చేపల వేటకి పోతాడు. ఇరవై ఏళ్ల నాటి పాత చిన్నకారు ఒకటి ఎవరి దగ్గరో కొనుక్కున్నాడు. తెల్లారితే అందులోనే భార్య సీతాలునీ, చేపల గంపల్నీ బజారులో దింపుతాడు, దారిలో మనవరాలు ధనశ్రీని స్కూలు దగ్గర వదులుతాడు. మూడు వారాల కిందట హార్బర్లో ఐసు పగలగొట్టే మేకు జారి వెనక ఎడమ తలుపు అద్దానికి తగిలింది. అద్దం మొత్తం జలజలా రాలిపోయింది. జగ్గారావే కొత్తది వేశాడు. వేసేముందు తలుపు లోపలున్న చేపపొలుసులూ నీచునీళ్ల చారలూ చూసి, వాంతి చేసుకున్నంత పని చేసి, అర్జునరావుని కడిగిపారేశాడు.

"మేస్త్రీ, మిగతా మూడు అద్దాలూ కూడా మార్చీ," అన్నాడు అర్జునరావు దిగుతూనే.

"ఏటయినాది ఆటికి? పగిల్నాయా?"

"పగల్నేదు గానీ, ఎదవ అద్దాలు. మచ్చలు పట్టీసినాయి. నువ్వేసిందొక్కటే సుబ్బరంగా ఉన్నాది."

జగ్గారావు కారు చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడా మచ్చ లేదు.

"నీ కళ్లకేటైనా అయినాదా? నాకేటీ అవుపించడం నేదు."

"నీకు అవుపించదు. ఇది పెట్టుకో." అర్జునరావు తన నల్లకళ్లజోడు తీసి ఇచ్చాడు. రుషికొండలో టూరిస్టుల పడవ తిప్పే మేనల్లుడు ఇచ్చిన జోడట. నీళ్ల మీద ఎండ మెరుపుని చంపేసి, కింద తిరిగే చేపని చూపిస్తుందట. వేటలో అది లేకపోతే ఇప్పుడు పొద్దుపోదు ఆయనకి.

జగ్గారావు అది పెట్టుకుని చూశాడు. ముందు తలుపుల అద్దాల మీద, వెనక కుడి తలుపు అద్దం మీద, వరసగా మసక చుక్కలు కనిపించాయి. వెనక ఎడమ అద్దం మీద ఒక్క చుక్క లేదు. స్వచ్ఛంగా, ఏట్లో నీళ్లలా ఉంది.

"సూసినావా? ఆ మూడూ కూడా ఇలాటియ్యే వెయ్యి," అన్నాడు అర్జునరావు, మంచి సరుకు కనిపెట్టానన్న ధీమాతో.

జగ్గారావు జోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు. కారు పక్క అద్దాన్ని బాగా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. ఆ గాలి తగిలిన గుర్తులే ఆ చుక్కలు. అలా కాల్చిన అద్దం కాబట్టే పగిలితే పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది, ఒంటికి తగిలినా గీరుకోవడంతో పోతుంది. చుక్కల్లేవంటే అది కాల్చింది కాదు. ఇంటి కిటికీలకి బిగించే మామూలు అద్దం. ఆ పాత కారు అద్దాలకి వంపు దాదాపు ఉండదు, కొలతకి కోసేస్తే చక్కగా కూర్చుంటుంది. పగిలితే మాత్రం కత్తులవుతుంది.

వెనక సీట్లో ధనశ్రీ ఉంది. ఆరేళ్లు ఉంటాయేమో. ఆ ఎడమ అద్దానికే చెంప ఆనించి, నోటి ఆవిరితో దానిమీద ముగ్గు గీస్తోంది.

"ముందు ఆ గుంటని దింపీ," అన్నాడు జగ్గారావు.

"ఏటి?"

"దింపీమంతన్నానా! బేగి దింపు!"

ఆ కేకకి పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. అర్జునరావు బిత్తరపోయి మనవరాలిని ఎత్తుకున్నాడు. జగ్గారావు ఇంకో మాట లేకుండా అట్ట ఊడదీసి, మరలు విప్పి, అద్దాన్ని బయటకి లాగాడు. మూలన ముద్ర కూడా ఉంది, కంపెనీ అద్దానికి ఉన్నట్టే. గోనెసంచిలో పెట్టి, నేలమీద ఉంచి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. సంచి మూతి విప్పి అర్జునరావుకి చూపించాడు.

జానెడు జానెడు ముక్కలు. ఒక్కొక్కటీ చేప కోసే కత్తంత సూదిగా ఉంది. అర్జునరావు చంకలో ఉన్న పిల్ల తలని తన భుజానికి అదుముకున్నాడు.

"ఇది నా గుంట మొకం పక్కన పెట్టినావా మేస్త్రీ?"

"నాకు తెల్దు అర్జునా. నా బావ కొట్లోంచి తెచ్చినాను. ఇక్కడే ఉండు. అసలైంది అట్టుకొస్తాను. అది ఎయ్యకుండా నువ్వీ కారు కదిలించకు."

సంచి స్కూటరు ముందు పెట్టుకుని వన్ టౌన్ బయల్దేరాడు. నాకు తెలీదు అన్నాడు. ఆ మాట నాలుక మీద మురికిలా అంటుకుపోయింది. ఎందుకంటే అది నిజం కాదు, పూర్తిగా కాదు. అద్దం బిగించిన రోజున వేలితో అంచు రాశాడు. ఏ అద్దం పట్టుకున్నా రాస్తాడు, అది అలవాటు. కంపెనీ అద్దానికి నున్నగా ఉండే అంచు దీనికి గరుకుగా తగిలింది, ఎవరో సానరాయి మీద చేత్తో అరగదీసినట్టు. వేలికి తెలిసింది. అయినా బావ ఇచ్చిన సరుకు కదా, ఆయన్ని ఎలా అడుగుతాం, అడిగితే అక్క ఏమనుకుంటుంది అని ఊరుకున్నాడు. ఊరివాళ్ల ఉమ్మి చూసి ముప్పై ఏళ్లు ఛీ ఛీ అన్నవాడు, ఆ రోజు తన వేలు చెప్పిన మాట మింగేసి, అర్జునరావు చేపపొలుసుల మీద పడి తిట్టాడు. థూ, నా బతుకు చెడ, అనుకున్నాడు.

కొట్టు వెనకే ఇల్లు. ఆదివారం కాబట్టి షట్టరు సగమే ఎత్తి ఉంది. తిరుమలరావు బనియన్తో కూర్చుని టిఫిను చేస్తున్నాడు. గౌరీశ్వరి చట్నీ వేస్తోంది.

"రా జగ్గా, ఇడ్లీ తింతావా?" అంది ఆవిడ.

జగ్గారావు సంచిని ఆయన ముందు బల్లమీద పెట్టి విప్పాడు. "ఇదేటి బావా?"

తిరుమలరావు ముక్కల వంక చూసి, ఇడ్లీ వంక చూసి, మళ్లీ ముక్కల వంక చూశాడు. ఎవరిదో అని నటించబోయాడు గానీ, ఎదురుగా ఉన్నది జగ్గారావు.

"ఆ పాత మోడలు సరుకు ఇప్పుడెక్కడ దొరుకుతున్నాదిరా? కోయించి ఇత్తన్నాను. జనం కూడా చవకదే అడుగుతన్నారు. పగిలేదాకా ఎవుడికి తెలుస్తాది?"

"పగిలితే?"

"పగిలితే పగుల్తాది. పదేళ్లనుండి ఇత్తన్నాను, ఎవుడైనా సచ్చినాడా? పెద్ద దొరగారిలాగ లగెత్తుకొచ్చినావు."

పదేళ్లు. ఈ పదేళ్లలో ఆ కొట్టు నుంచి తెచ్చి తానెన్ని తలుపులకి బిగించాడో జగ్గారావుకి లెక్క తేలదు. కాల్చినవెన్ని, కోసినవెన్ని? ఆ తలుపుల పక్కన ఎవరెవరు కూర్చున్నారు?

"మూలన ముద్ర కూడా కొట్టించినావు. ఛీ! సిగ్గు నేదూ?"

"ఒరే, మాటలు జాగర్త. నీకు షెడ్డు పెట్టించినోడ్ని నాను."

"అందుకే కదా ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను," అన్నాడు జగ్గారావు. తర్వాత గొంతు తగ్గించి, మామూలు బేరం అడిగినట్టు అడిగాడు. "సరే బావా, సెప్పు. బయట నీ కారు అద్దం మొన్న గీతలు పడిపోనాది కదా. ఇదే సరుకు కోయించి నీ వెనక తలుపుకి ఏసీనా?"

"నా కారుకా?" తిరుమలరావు అరచేత్తో గాలిని తోసేశాడు. "ఛీ ఛీ! మా మనవడు బుడ్డోడు కూకుంతాడు కదరా అందులో!"

అన్నాక గాని ఏమన్నాడో ఆయనకి అర్థం కాలేదు. గౌరీశ్వరి చట్నీ గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొగుడి ముఖం వంక చూసింది. పెళ్లయి ముప్పై అయిదేళ్లయింది, ఆ ముఖంలోకి అంత అసహ్యంగా ఎప్పుడూ చూసి ఉండదు. గిన్నె బల్లమీద పెట్టి, కొంగుకున్న తాళాలు తీసి, లోపలి గదిలోకి పోయింది. పేపర్లో చుట్టిన అద్దం ఒకటి తెచ్చి తమ్ముడికిచ్చింది.

"ఇది ఆ మోడలుకి కంపెనీదే. తెలిసినోళ్లకని దాసి పెడతారు. అట్టుకెల్లు," అంది. తర్వాత అడిగింది, "ఎవులి బిడ్డరా ఆ కారులో?"

"అర్జునరావని, జాలారిపేట. మనవరాలు."

తిరుమలరావు ప్లేటు ముందు తల వంచుకుని కూర్చున్నాడు, తినలేదు. జగ్గారావు పేపరు విప్పి అంచు మీద వేలు రాశాడు. నున్నగా ఉంది. అయినా నమ్మకం లేక ఇంకోసారి రాశాడు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి అర్జునరావు ఇంకా అక్కడే ఉన్నాడు. పిల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బిస్కెట్ తింటోంది. జగ్గారావు ముందుగా అర్జునరావు నల్లజోడు అడిగి తీసుకుని, అద్దాన్ని ఆకాశం కేసి పట్టి చూశాడు. చుక్కలున్నాయి. ఎప్పుడూ లేనంత నిమ్మళంగా బిగించాడు, నాలుగుసార్లు ఎత్తి దించి చూశాడు, సీటు మీద అరచెయ్యి రాశాడు. ఆ తలుపులో ఇంకా నాలుగు చేపపొలుసులు అంటుకునే ఉన్నాయి. ఈసారి ఒక్క మాట అనలేదు.

"పోన్లే మేస్త్రీ," అన్నాడు అర్జునరావు, తాళం తీసుకుంటూ. "నువ్వు కాబట్టి సెప్పీసినావు. ఇంకోడైతే మూడు అద్దాలూ అలాటియ్యే ఏసీసి పంపీసును. నీలాటి నమ్మకస్తుడు నేడు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. బావ కొట్టు సరుకని చెప్పేశాడు, అద్దం మార్చేశాడు, అర్జునరావు మనసు కూడా చల్లబడింది. కానీ ఆ మెచ్చుకోలు వింటుంటే జగ్గారావుకి తన ఒంటి మీదే ఎవరో ఉమ్మినట్టు అనిపించింది.

"నేదు అర్జునా. నాకు ఆ రోజే అనుమానం తగిల్నాది. అంచు గరుగ్గా ఉన్నాది. బావ ఇచ్చిందని బిగించీసినాను."

అర్జునరావు అతని వంక చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది జగ్గారావుకి. మెల్లగా కళ్లజోడు అతని చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఈలోగా ధనశ్రీ పరుగెత్తుకెళ్లి తన అలవాటు చొప్పున ఎడమ తలుపు తీసి ఎక్కబోయింది. కొత్త అద్దం మీద చెయ్యి పెట్టి, "తాతా, నా కిటికీ బాగయిపోనాది!" అంది.

"ఇటు రా," అన్నాడు అర్జునరావు.

"అది నా కిటికీ..."

"ఇటు రామంతన్నానా." పిల్ల చెయ్యి పట్టుకుని, కారు వెనక నుంచి చుట్టూ తిప్పి తీసుకెళ్లి, కుడి పక్కన పాత అద్దం దగ్గర కూర్చోబెట్టి, తలుపు వేశాడు. స్టీరింగు దగ్గర కూర్చున్నాక కూడా జగ్గారావు వంక చూడలేదు. కారు జ్ఞానాపురం రోడ్డెక్కేదాకా జగ్గారావు తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు.